వైఫైలో నా పేరు

తమ్ముడూ,

ఈ రోజు నీ సంవత్సరీకానికి మీ ఇంటికి వచ్చాను. మన రెండిళ్ళ మధ్య గోడ పక్క తూము కోసం తగాదా పడ్డాక, మూడేళ్ళలో మీ గడప తొక్కడం ఇదే మొదటిసారి. నువ్వు పోయిన రోజు కూడా వీధిలోనే నిలబడ్డాను.

ఎవరితోనూ మాట్లాడకుండా తిని అరుగు మీద కూర్చున్నాను. నీ కూతురు సెల్వి లాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చుంది. విరుదునగర్ ఆఫీసు పని ఇకపై ఇక్కడే, కోవిల్‌పట్టి ఇంటి నుంచే చేస్తుందట. వైఫై పాస్‌వర్డ్ చాలామందికి తెలుసని, కొత్తది పెట్టి భద్రం చేస్తానంది.

నేను ఫోను జేబులోకి తోసుకున్నాను. మాటలున్న రోజుల్లో ఆ పాస్‌వర్డ్ అందులో నువ్వే వేసిచ్చావు. తగాదా తర్వాత కూడా పనిచేస్తుంటే, ఆపడం నీకు తెలియదనుకున్నాను. గోడకు ఇవతల కూర్చుని వాడుకుంటూ, నీ తెలివికి నవ్వుకున్నాను కూడా.

"పెద్దనాయనా, ఈడ సూడు," అంది సెల్వి, మీ వైఫై వాడిన ఫోన్ల జాబితా తెర మీద చూపిస్తూ. "ఎదురింటోళ్ళ పోన్లు, టీకొట్టోళ్ళ పోన్లు అన్నీ నాయన ఎప్పుడో ఆపేసుండాడు. నీది ఒకటే వదిలినాడు. 'అన్న' అని పేరు కూడా పెట్టుండాడు. మాటల్లేవంటిరే, ఇదేంది మరి?"

నేను ఒంగి తెర మీది ఆ పేరు చదివాను.

"కొత్త పాస్‌వర్డ్ నీ పోన్లో ఏసిస్తా, ఇయ్యి. ఈ పేరు మార్చేదా?"

ఫోను తీసి ఇచ్చాను.

"ఉండనీ అమ్మా," అన్నాను.

ఇన్నేళ్ళకు మీ ఇంట్లో నేనాడిన మొదటి మాట అది. నీతో ఆడవలసింది, నీ కూతురితో ఆడాను.

నీ అన్న