ఏ కొడుకని అడిగారు

తూజ్లా, మే నెల

చిరంజీవి ఫాదిలకు అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మన ముసలి పిల్లీ. మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లు దిగనంతసేపూ బాగానే ఉన్నాయి. నువ్వు పంపిన కాఫీపొడి అందింది. పక్కింటి జుమ్రా వచ్చి తాగిపోతూ, ఆస్ట్రియా కాఫీకి వాసనే లేదని వంక పెడుతోంది.

ఏ అన్నయ్యో ల్యాబు వాళ్ళు ఎందుకు తేల్చలేదని మళ్ళీ అడిగావు. యుద్ధంలో మీ అన్నయ్యలిద్దరూ మాయమైన ఆ అడవిలోనే ఎముకలు దొరికాయని రాశాను కదా. అవి నా రక్తంతోనూ, మీ నాన్న పోయేముందు ఇచ్చిన రక్తంతోనూ సరిపోయాయి. డాక్టర్ వెస్నా నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"పెద్దమ్మా, ఇతను మీ అబ్బాయే. కానీ సెనాదో రామిజో రక్తం చెప్పలేదు. వాళ్ళకు పిల్లలుంటే పోల్చేవాళ్ళం. వయసులో ఏడాదే తేడా, ఎత్తూ ఒకటే. ఎడమ ముంజేయి చిన్నప్పుడెప్పుడో విరిగి అతుక్కుంది. ఎవరిదో గుర్తుందా?"

గుర్తులేదన్నాను. నీకూ అదే రాశాను.

అది అబద్ధం తల్లీ. పళ్ళు ఎండబెట్టే అటక మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది రామిజ్. ఊళ్ళో కట్లు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను, ఆసుపత్రి మొహం చూడలేదు. నువ్వప్పటికి పుట్టలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. రామిజ్ అని చెప్పానా, సెనాద్ ఒంటరిగా అడవిలో మిగిలిపోతాడు. పేరు తేలనంతకాలం ఇద్దరూ సగం సగం ఇంటికి వచ్చినట్టే ఉండేది నాకు.

యుద్ధంలో పోయి ఇప్పుడు దొరికినవాళ్ళందరికీ జూలైలో సామూహిక ఖననం. పేరు తేలనివాళ్ళను ఖననం చెయ్యరు. నేనేదో దాస్తున్నానని జుమ్రా పసిగట్టింది. దాని మొగుడూ ఆ యుద్ధంలోనే మాయమయ్యాడు, ఇప్పటికీ దొరకలేదు.

"నాకు ఒక్క వేలు దొరికినా ఈపాటికి మట్టి చేసుకునేదాన్ని అక్కా. నువ్వేమో కన్నకొడుకుని ల్యాబు అరలో పడుకోబెట్టి ఇక్కడ కాఫీ తాగుతున్నావు," అంది. సగం కప్పు వదిలేసి లేచిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. నిజం కాబట్టే మండింది.

ఇవాళ బస్సెక్కి వెళ్ళి చెప్పేశాను. వెస్నా పేరు రాసుకుని, "సెనాద్ కోసం వెతకడం ఆపం పెద్దమ్మా," అంది.

ఇన్నేళ్ళూ 'పిల్లలు' అనుకుంటూ ఇద్దరికీ కలిపే ఏడ్చాను. తిరుగు బస్సులో మొదటిసారి రామిజ్ ఒక్కడి కోసం ఏడ్చాను. సెనాద్ కోసం విడిగా ఏడవడం నాకింకా చేతకావడం లేదు. జూలైకి రా తల్లీ.

ఇట్లు,
మీ ముగ్గురి అమ్మ