డిస్కు లోపలి డ్రైవరు

సోలై నగర్, పుదుచ్చేరి,
12 సెప్టెంబరు 2008.

ఆర్తక్కా,

ఈ ఉదయం కిటికీ ఊచ పట్టుకుని నిలబడితే అరచేతికి తుప్పు అంటింది. పోయిన నెలే ఇంటివాళ్లు రంగు వేయించారు. ఇక్కడి గాలి ఇనుమును రంగు కింద నుంచే తినేస్తుంది. చేయి కడుక్కోకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

యానాంలో నాన్నతో వాదించి నన్ను ఈ ఉద్యోగానికి పంపింది నువ్వే. అందుకే ముందు నీకు చెబుతున్నాను. నేను మానేస్తున్నాను.

ఇక్కడేం చేస్తావని ఎన్నిసార్లు అడిగినా సరిగా చెప్పలేదు. మా ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటరు ఉంది. దాని లోపల చాలా చిన్న కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించి, ఒక్కోటి బడికో కొట్టుకో అద్దెకిస్తాం. వర్చువల్ మెషీన్లంటారు. వాటికి సరిపోయే కెర్నెల్ కట్టడం నా పని. మెషీన్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం అది. కట్టేముందు వేల ప్రశ్నలు అడుగుతుంది. సౌండు కార్డు కావాలా? బ్యాటరీ ఉందా? నిజంగా లేని మెషీనుకు ఇవేవీ ఉండవు కనుక వద్దు, వద్దు అంటూ పోవాలి. కావాలన్నవాటికి రెండు దారులు: కెర్నెల్లోనే కలిపేయడం, లేదా విడిగా డిస్కులో ఉంచి అవసరమైనప్పుడు తెచ్చుకోవడం. ప్రతి ప్రశ్నా చదివి, అర్థమయ్యాకే జవాబిచ్చాను. అంత సంతోషంగా ఎప్పుడూ లేను అక్కా. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

మా పెద్ద సారు సౌందరరాజన్‌కు కెర్నెల్ ఇంకా చిన్నది కావాలి. డ్రైవరు అని డిస్కును చదివే చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని కూడా విడిగా పెట్టమన్నారు. అప్పుడు ఆ డ్రైవరు ఉండేది డిస్కులోనే, అది లేకుండా డిస్కు ఎలా తెరుచుకుంటుందని అడిగాను. నాకున్న చిన్న గొంతుతోనే అడిగాను. ఆయన ఫోన్లో ఉన్నారు. చెప్పినట్టు చేయమని చేత్తో చూపించారు. చేశాను.

సోమవారం మెషీన్లు అద్దెకు తీసుకునేవాళ్లు చూడ్డానికి వచ్చి కూర్చున్నాక మెషీన్ లేవలేదు. డిస్కు కనబడలేదని ఒక వాక్యం చూపించి ఆగిపోయింది. సారు నావైపు తిరిగారు.

"ఏందిమ్మా ఇది? కెర్నెల్ చేసింది నువ్వే కదా?"

"చెప్పాను సార్."

"యాడ చెప్పినావు? ఎవురికి చెప్పినావు?"

పక్క బల్ల దగ్గర పనిచేసే ప్రభు అందుకున్నాడు. "గోడకు చెప్పుంటాది సార్. మనకంటే దానికే బాగా వినపడతాది."

అందరూ నవ్వారు, చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా.

మానేస్తున్నది నింద పడిందని కాదు. బడిలో సిస్టరు హాజరు పిలిచినప్పుడు నేను పలికినా ఆబ్సెంటు పడేది, గుర్తుందా? పెద్దయ్యాక పోతుందనుకున్నాను. ఊరు మారినా, పని మారినా పోలేదు. నేను నోరు తెరిచినా గదిలో ఏమీ మారదు. ఇక ముందూ ఇంతేనని తెలిసిపోయింది. తెలిశాక రోజూ వెళ్లి అక్కడ కూర్చోవడం కష్టంగా ఉంది.

ఆ సోమవారమే మధ్యాహ్నం వాళ్లంతా భోజనానికి వెళ్లినప్పుడు డిస్కు డ్రైవరును కెర్నెల్లో కలిపి మళ్లీ కట్టాను. మెషీన్లన్నీ లేచాయి. ఎలా లేచాయని ఎవరూ అడగలేదు. రాజీనామా రేపు ఇస్తాను. నాన్నకు నువ్వే చెప్పు, నేను చెబితే వినపడదు.

ఆ వేల ప్రశ్నల్లో ఒక్కదానికి మాత్రం అక్షరాలు రాయాలి. కెర్నెల్ పేరు చివర తగిలించే మాట అది. ఖాళీగా వదిలేసినా నడుస్తుంది. మెషీన్ లేచిన ప్రతిసారీ మొదటి వరుసలో కనబడుతుంది. మళ్లీ కట్టినప్పుడు అక్కడ నా పేరు రాశాను.

నీ
జనని