శాగిర్దు తెచ్చే మిఠాయి

ఫరహత్ బేటీకి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మగ్గం వర్కు నేర్పిన ఉస్తాదు, తన దగ్గర నేర్చుకున్న పిల్లను ఏమని అడుగుతాడు?

ప్రొద్దుటూరులో మా షాపు ఓనరు ప్రేమ్ సాగర్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ తెచ్చాడు. సూదులన్నీ ఒకేసారి పొడుస్తుంటే నాకు మా అత్తగారిల్లు గుర్తొచ్చింది. అది వేరే కథ.

"మామా, చేతి పని ఇప్పుడెవరు అడుగుతాండారు? రంజాన్ లోపల ఈ మిషన్ నేర్చుకో. రాకపోతే ఇంటికాడ ఉండు" అన్నాడు.

నలభై ఏళ్లు పదిమందిలో కూర్చుని పనిచేసినవాణ్ని. ఇంటి దగ్గర ఊరికే కూర్చుంటే ఏమైపోతానో తెలియదు.

పులివెందులలో నీ దగ్గరా అలాంటి మిషనే ఉందట. నాకు నేర్పిస్తావా? కళ్లు బాగానే ఉన్నాయి. సూదిలో దారం మాత్రం మా ఇంటావిడ, మీ సకీనా చాచీ, ఎక్కిస్తుంది, అంతే.

మన పనిలో కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన శాగిర్దు మొదటి రోజు ఉస్తాదుకు మిఠాయి తేవాలి కదా. నువ్వు తెచ్చిన డబ్బాలో సగం దారిలోనే తినేశావు. నేను మూత తీయకుండా తెస్తాను. నిన్ను ఉస్తాద్ అనమన్నా అంటాను. ఎదురు మాట్లాడకుండా ఉండటమే కష్టం.

తొందరగా జవాబు రాయి.

లడ్డూలు ఈరోజే కొన్నాను. చీమలు పట్టకుండా మీ చాచీ డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టింది.