విమానం కాళ్ళ మీద నిలబడాలన్న షరతు

కట్టుడు పళ్ళు తయారుచేసి బతికినదాన్నీ, బొమ్మ విమానాల క్లబ్బులో ‘పళ్ళావిడ’ అని పిలిపించుకున్నదాన్నీ అయిన నేను పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న చివరి వీలునామా ఇది. నేనే రాయకుండా రాయించడం ఎందుకంటే నా చేతులు వణుకుతున్నాయి. వణికేది చేతులే. బుర్ర బాగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. మా అబ్బాయి దాన్ని తప్పకుండా అడుగుతాడు.

ఇంతకు ముందు రాసిన వీలునామా రద్దు. అందులో అందరి గురించీ మంచిగా రాశాను. అప్పటికింకా ఆసుపత్రికి వెళ్ళలేదు.

1. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత మా ఆడపడుచుకు అప్పగిస్తున్నాను. ఆమెకూ నాకూ పడదని వీధి వీధంతటికీ తెలుసు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా కాఫీ గురించి ఆమె అన్న మాట నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. అయినా ఆమెది ఉడుంపట్టు. పైగా మా అబ్బాయి తీపి మాటలకు కరగని మనిషి మా వాళ్ళందరిలో ఆమె ఒక్కతే. ఈ పనికి ప్రేమ ఉన్నవాళ్ళు పనికిరారు.

2. నా చరాస్తుల్లో తగాదా పడదగ్గది ఒక్కటే, నేను కట్టిన విమానం. వెండిరంగు, రెండు ఇంజన్లు, ఈ రెక్క చివరినుంచి ఆ రెక్క చివరికి రెండు జానలు. మా ఆయన ఉద్యోగమంతా ఇలాంటి విమానాల కిందే గడిచింది. ఆయన విమానాల షెడ్డులో మెకానిక్కు. ల్యాండింగ్ గేరు ఆయన వంతు, అంటే చక్రాలు, వాటిని మోసే కాళ్ళు, బ్రేకులు. ఒక్కసారైనా విమానం ఎక్కలేదు. ఆ షెడ్డులో తీసిన ఫోటోలన్నిట్లో పైలట్లు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతుంటారు. మా ఆయన ఒకే ఒక్క ఫోటోలో ఉన్నారు. చక్రం పక్కన రెండు బూట్లు కనిపిస్తాయి, మిగతా మనిషి విమానం కింద ఉన్నారు.

ఆయన పోయాక ఆ విమానం బొమ్మ కిట్టు, అంటే విడి భాగాల పెట్టె, కొనుక్కొచ్చి కట్టడం మొదలుపెట్టాను. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కాళ్ళు చూసి నవ్వొచ్చింది. ఐస్‌క్రీం పుల్లలకు చొక్కా గుండీలు అంటించినట్టున్నాయి. వాటిని అవతల పడేసి, ఇంజెక్షన్ సూది గొట్టంతో కాలి కడ్డీలు చేశాను, అసలు విమానంలోనూ అక్కడ మెరిసే ఉక్కే ఉంటుంది కనుక. పళ్ళకు కట్టే సన్న తీగతో బ్రేకు గొట్టాలు, మందుబిళ్ళల రేకుతో వాటిని పట్టి ఉంచే పట్టీలు. టైర్ల అడుగు కాస్త అరగదీసి, పక్కలు కాస్త ఉబ్బించాను. నేల మీద నిలబడ్డ విమానానికి బరువుంటుంది. బరువుకు కడ్డీ కుంగుతుంది, టైరు నొక్కుకుంటుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు కట్టిన విమానాలు గోడ మీదనుంచి పక్కింట్లోకి తొంగిచూసేవాళ్ళలా మునివేళ్ళ మీద నిలబడతాయి. మా క్లబ్బు బీరువా నిండా అవే.

3. సదరు క్లబ్బుకు ఈ విమానం మీద ఎలాంటి హక్కూ లేదు. నా తదనంతరం ఇది తమ అద్దాల బీరువాకు వస్తుందని అధ్యక్షుడు నేను బతికుండగానే, అదీ నా ఎదుటే ప్రకటించాడు. రాదు. ఈ అధ్యక్షుడు ముక్కులో బరువు పెట్టడం మరిచిపోయి, తన విమానం తోక మీద కూలబడితే, ప్లాస్టిక్కు నాసిరకమని కంపెనీని తిడతాడు. ఆడలేక మద్దెల ఓడు. నా బల్ల సొరుగులో ఒక డబ్బాడు సీసం గుళ్ళున్నాయి. అవి ఆయనకు ఇస్తున్నాను. ముక్కులో వేసుకోమనండి. ఎవరి ముక్కులో అన్నది ఆయన విచక్షణకు వదిలేస్తున్నాను. (ఈ వాక్యం వద్దని, మా మేడ మీద అద్దెకుంటూ దీన్ని రాసిపెడుతున్న టీచరమ్మ అంది. ఉంచమన్నాను.)

4. ఇక మా అబ్బాయి. నా ఏకైక కుమారుడు, నా స్థిరాస్తికి సహజ వారసుడు, చొక్కా మడత నలగనివ్వని మనిషి. పెద్ద కంపెనీలో అధికారి. చిన్నప్పుడు స్కూలుకు తండ్రి వస్తానంటే, అమ్మను రమ్మనేవాడు. నాన్న చేతులకు గ్రీజు వాసనట. పెద్దయ్యాక ఇంటికొచ్చినవాళ్ళతో, “మా నాన్నగారు ఫ్లైయింగ్‌లో ఉండేవారు” అంటాడు. అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. అలాంటి మాటలు వెతికి పట్టుకోవడంలో వాడిది అందె వేసిన చెయ్యి.

నేను బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆసుపత్రిలో పడుకుని, అక్కడినుంచి మా ఇంటి పక్కనే ఉన్న వాడింటికి చేరాను. హాల్లో సోఫా పైన, కంటికి కనపడని దారాలతో, నా విమానం వేలాడుతోంది. కాళ్ళు లేవు. గోళ్ళు తీసుకునే కట్టరుతో వాటిని కత్తిరించి, చక్రాలు లోపలికి ముడుచుకునే గూళ్ళకు తలుపులు మూసి, పైన జిగురు రాసేశాడు. ఎగురుతున్నట్టు ఉండాలని. నేను చూసి మురిసిపోతానని పక్కనే నిలబడి ఎదురుచూస్తున్నాడు. కాళ్ళేవిరా అన్నాను.

“విమానమంటే ఎగరాలి గానీ, నేల మీద కూర్చుంటే ఏం బాగుంటుందమ్మా? అయినా కింద ఎవరు చూస్తారు?” అన్నాడు.

తుంటి విరిగినప్పుడు కూడా నాకంత నొప్పి కలగలేదు. కక్షతో చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వాడు ప్రేమగా చేశాడు. ఆ విమానంలో వాళ్ళ నాన్న ఉన్న చోటు మొత్తం ఎంచి ఎంచి, అదొక్కటే కత్తిరించి పారేశాడు. పారేసినట్టు వాడికి తెలియను కూడా తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని నేను వాకరు పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాను.

5. మా కోడలికి, నా భూతద్దం దీపమూ, సన్న పట్టకార్ల సెట్టూ, నా బీరువాలో ఆమె ఏది కోరుకుంటే అదీ ఇస్తున్నాను. ఆమె వంట గురించి నేను ఇదివరకు అన్న మాటలు వెనక్కి తీసుకోవడం లేదు. వంట వేరు, మనిషి వేరు. మూడు కాళ్ళనూ చెత్తబుట్టలోంచి ఏరి, చెవిదుద్దుల డబ్బాలో దూది పరిచి దాచింది ఆమె. నేనొచ్చిన మర్నాడు అది నా దిండు పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. బ్రేకు గొట్టం ఒక్కటి కూడా వంగలేదు. ఏ పుస్తకమూ చదవకుండా, ఎవరూ చెప్పకుండా, ఏది పారేయకూడదో ఆమెకు తెలిసింది. అమ్మాయీ, నువ్వంటే నాకు ఇష్టం. బతికుండగా చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు.

6. బోర్డులు రాసే పెయింటరుకు, నా తీగలు, సూదులు, కుంచెలు, పళ్ళకు వాడే రెసిన్ పొడీ దాని ద్రవమూ, నా పనిబల్లా ఇస్తున్నాను. ఇతను ఎవరో చెప్పాలి. క్లబ్బు పోటీలో న్యాయనిర్ణేతగా వచ్చి, నా విమానానికి మార్కులు కోసి, కారణం అన్న చోట ‘టైరు పంక్చరు’ అని రాసిన మహానుభావుడు ఇతనే. నేను వారాల తరబడి కూర్చుని నొక్కిన టైరు అతని కళ్ళకు గాలి పోయిన టైరైంది. అప్పటినుంచీ క్లబ్బులో అడుగుపెడితే చాలు, “గాలి కొట్టించారా అండీ?” అని ఎవరో ఒకరు అడిగేవారు. ఇతన్ని పలకరించడం మానేశాను.

నాకు ఒంట్లో బాగాలేదని క్లబ్బు తరఫున కార్డు తీసుకుని వచ్చాడు. వచ్చినవాడు కార్డు నా చేతిలో పెట్టి పోకుండా, నా పక్కనున్న డబ్బాలోని కాళ్ళు చూస్తానన్నాడు. భూతద్దం ఇచ్చాను. దూది మీద ఉన్న టైరును అటు తిప్పి ఇటు తిప్పి, చాలాసేపు చూశాడు.

“ఇది పంక్చరు కాదండీ, బరువు మోస్తోంది. ఆ రోజు నేను నిలబడే చూశాను, వంగలేదు” అన్నాడు.

దాంతో నా కోపం పోయిందని ఎవరూ అనుకోవద్దు. కోసిన మార్కులు రాలేదు, కోపమూ పోలేదు. కాకపోతే కోడలితో కాఫీ పెట్టించాను. అతని చెయ్యి మాత్రం గొప్పది. స్కేలు లేకుండా దుకాణం పొడవునా గీత గీస్తాడు, ఎక్కడా వంకర పోదు. అతను కోసిన మార్కుల కాగితం ఇన్నేళ్ళూ దాచాను. దానికి ఫ్రేము కట్టించాను, అది కూడా అతనికే ఇస్తున్నాను. దుకాణంలో నలుగురికీ కనబడేలా తగిలించుకోవలెను.

విరిగిన కాళ్ళ లోపల సన్న రంధ్రం చేసి, తీగ గుచ్చి, రెసిన్‌తో అతికిద్దామని ఆ రోజే అన్నాడు. చెక్క ముక్కలతో బిగింపు తయారుచేసుకుంటే చాలు, ఇంకొకరు పట్టుకోనక్కర్లేదు అన్నాడు. నిజమే, అక్కర్లేదు. నేనే వద్దన్నాను. పట్టుకోవడానికి మా అబ్బాయి వస్తాడన్నాను. వాడిని అడిగితే వచ్చే ఆదివారం అన్నాడు. ఆ ఆదివారం వచ్చింది, పోయింది, దాని వెనక ఇంకొన్ని పోయాయి. ఆఖరికి, దీనికోసం ఇంత గొడవ దేనికమ్మా, ఇంతకంటే పెద్దది కొనిపెడతాను అన్నాడు. ఆ మర్నాడే నా ఇంటికి తిరిగొచ్చి, టీచరమ్మను కాగితాలు తెమ్మన్నాను. నోటితో చెబితే వినని మాట చట్టంతో చెప్పిస్తున్నాను.

7. నా స్వార్జితంతో కట్టుకున్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలంతో సహా, మా అబ్బాయికి ఈ కింది షరతు మీద చెందవలెను.

నా విమానానికి కాళ్ళు అతికే పని పెయింటరు చేయవలెను. చేస్తున్నంతసేపూ విమానాన్ని వెల్లకిలా తిప్పి, రెండు చేతులతో కదలకుండా మా అబ్బాయి పట్టుకోవలెను. వాడి తరఫున కోడలు గానీ, డ్రైవరు గానీ, చెక్క బిగింపు గానీ పట్టుకుంటే చెల్లదు. చేతులకు తొడుగులు వేసుకోరాదు. ముక్కు చక్రం అయ్యాక ఎడమ కాలు, ఎడమ కాలు గట్టిపడ్డాక కుడి కాలు. ఒకదాని రెసిన్ గట్టిపడకుండా ఇంకోదానికి తొందరపెట్టరాదు. ఆ సమయంలో వాడి ఫోను మా ఆడపడుచు సంచిలో ఉండవలెను. విమానం మూడు కాళ్ళ మీదా నిలబడటం ఆమె కళ్ళారా చూసి సంతకం పెట్టిన తర్వాతే ఇంటి కాగితాలు వాడి చేతికి రావలెను.

షరతు కుదరదంటే ఇల్లు మా ఆడపడుచుకే చెందుతుంది. పక్కన మేనత్త కాపురం ఎలా ఉంటుందో ఊహించుకుని వాడు నిర్ణయం తీసుకోవచ్చు.

పని పూర్తయ్యాక విమానం వాడిదే. దాన్ని మళ్ళీ వేలాడదీయకుండా హాల్లో బల్ల మీద పెట్టవలెను. వచ్చినవాళ్ళు అడిగితే వాళ్ళ నాన్న ఏం పని చేసేవారో చెప్పాలని కూడా షరతు రాయమంటారా అని టీచరమ్మ అడిగింది. వద్దన్నాను. ఇంటికి ఆశపడి చెప్పే మాట నాకెందుకు?

8. ఇంత చిన్న పనికి ఇంత పట్టుదల ఏమిటని మా అబ్బాయి లాయరును అడుగుతాడు. లాయరుకు తెలియదు కాబట్టి నేనే చెబుతున్నాను.

కాళ్ళు అతకాలంటే, వాడు జిగురు రాసి మూసిన గూళ్ళ తలుపులు తెరవాలి. మూసేటప్పుడు వాడు లోపలికి చూడలేదు, చూసుంటే అడిగేవాడు. ఎడమ గూటి లోపలి గోడ మీద తెల్లగా ఒక చిన్న గీత, దాని పక్కన ఒక చుక్క ఉంటాయి. ఒక్క వెంట్రుక మిగిల్చిన కుంచెతో నేను పెట్టినవి. విమానాన్ని వెల్లకిలా పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకుంటే తప్ప కనపడవు.

మా ఆయన కాళ్ళూ చక్రాలూ చూడటం పూర్తయ్యాక, గూట్లో చాక్‌పీసుతో గీత పెట్టేవారు. షెడ్డులో అందరికీ ఉన్న అలవాటే. పైలట్లకు కనపడదు, తర్వాత వచ్చే మెకానిక్కుకు తెలిస్తే చాలు. అబ్బాయి పుట్టిన వారంనుంచీ గీత పక్కన చుక్క కూడా పెట్టడం మొదలుపెట్టారు. పై అధికారి పట్టుకుని, ఈ చుక్కేమిటి, ఏ రూలు పుస్తకంలో ఉంది, చెరిపెయ్యమని కేకలేశాడట. ఆ రోజు మా ఆడపడుచు కూడా మా ఇంట్లోనే ఉంది. ఆయన వచ్చి అన్నం ముందు కూర్చుని, తను ఏం జవాబిచ్చారో మా ఇద్దరికీ చెప్పారు.

“గీత నేను చూసినట్టండీ. చుక్క మావాడు చూసినట్టు.”

ఉద్యోగం వదిలే రోజుదాకా ఆ చుక్క పెడుతూనే ఉన్నారు. మావాడు చూడలేదు. పట్టుకుంటే చూస్తాడు.

ఇది పైన చెప్పినట్టు నా ఇష్టప్రకారం రాయించి, చదివించుకుని, ఒక్క మాటా మార్చకుండా, ఏప్రిల్ నెల పదకొండో తేదీ శుక్రవారం ఉదయం నా ఇంటి ముందుగదిలో సంతకం చేశాను. సంతకం వంకరగా ఉంటే చేతి వణుకు వల్లనే.

(సంతకం) పళ్ళావిడ

సాక్షులు:
1. వీధి చివరి మందుల దుకాణం యజమాని
2. మేడ మీద అద్దెకుంటున్న టీచరమ్మ (ఈ వీలునామా రాసినదీ ఈమెయే)