కొత్త జాయింటు, నాలుగో రోజు

మార్చి 4, సాయంత్రం

ఏమోయ్ డైరీ, బాగున్నావా? నిన్ను తెరిచి మూడు వారాలైంది, సారీ. షాపు, హాస్పిటలు, మళ్ళీ షాపు. అక్క మొగుడికి, అదే మా బావకి, పెద్దపేగులో గడ్డ. ఇవాళ ఆ ముక్క కోసేసి రెండు చివర్లూ కలిపి కుట్టేశారు.

పైపులూ ఫిట్టింగులూ అమ్ముకునేవాణ్ణి, జాయింటు అనగానే ఊరుకోలేకపోయా. లీకు టెస్ట్ చేశారా సార్ అని సర్జన్‌ని అడిగేశా. అక్క మోచేత్తో పొడిచింది. ఆయన మాత్రం నవ్వాడు. నీళ్ళు పోసి, లోపలికి గాలి పంపి చూశాం, బుడగలు రాలేదన్నాడు. అచ్చం సైకిల్ ట్యూబే! అయితే భయం లేదుగా అన్నా. ఇది ప్రాణమున్న గొట్టమయ్యా, అదే అతుక్కోవాలి, వారం రోజులు కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. పల్సు, జ్వరం, పొట్ట ఉబ్బరం, నొప్పి, ఇంకా మనిషి తీరు. ఆ చివరిది నాకర్థం కాలేదు.

మార్చి 5

పల్సు 82. బావ కళ్ళు తెరవగానే నా మీద పడ్డాడు. ఒరే వాషర్‌గా, నా పేగుకి నీ షాపు సరుకు వాడలేదు కదా, వాడుంటే ఇప్పుడే చెప్పు, వీలునామా రాసుకుంటా అన్నాడు. తర్వాత కాఫీ అడిగాడు. కింద నుంచి గ్యాస్ పోతేనే కాఫీ అంది సిస్టర్.

మార్చి 6

88. పోలేదు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, పోయిందా అని. దీనికింత డిమాండ్ ఉంటుందని అనుకోలేదు.

మార్చి 7, ఉదయం 8

పోయిందట! రౌండ్స్‌లో బావే చెప్పాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. కాఫీ వచ్చింది.

11 గంటలకి

98. జ్వరం లేదు. కాఫీ సగం అలాగే ఉంది, మీగడ కట్టింది. గ్లాసు కడగక్కర్లేకుండా తాగే మనిషి.

మార్చి 8, ఉదయం 9

112. ఎడమ భుజం నొప్పంటున్నాడు. దిండు వల్లేమో అంది అక్క. పక్కన కూర్చుంటే, మీకెందుకండీ శ్రమ, షాపు చూసుకోండి అన్నాడు.

అండీ! ఇరవై రెండేళ్ళలో నన్నెప్పుడూ అలా అనలేదు. నా పెళ్ళి పీటల మీద కూడా వాషర్‌గా అనే పిలిచాడు.

మనిషి తీరంటే ఇదేనా?

మేం ప్రెషర్ టెస్ట్ పెట్టినప్పుడు నీళ్ళు కారేదాకా ఆగం. గేజు ముల్లు కదిలితే చాలు. పరిగెత్తి డ్యూటీ డాక్టర్‌ని లాక్కొచ్చా. గ్యాస్ పోయింది, జ్వరం లేదు, కంగారు పడకండి అన్నాడాయన. బావ చెవి దగ్గరికెళ్ళి, నిజం చెప్పు, పోయిందా అన్నా. పోలేదు, కాఫీ కోసం చెప్పానన్నాడు, కళ్ళు తెరవకుండానే. డాక్టర్ మొహం మారిపోయింది. పొట్ట నొక్కి చూసి, వెంటనే సర్జన్‌కి ఫోన్ కొట్టాడు.

మధ్యాహ్నం 1

బ్లడ్ టెస్ట్, స్కాన్. లీకే. చిన్నది. భుజం నొప్పీ దానివల్లేనట. ఇంకో రోజు ఆగుంటే ఒళ్ళంతా విషం పాకేదన్నాడు సర్జన్. పల్సు ఎప్పటినుంచి పెరుగుతోందని అడిగితే, డైరీ, నిన్ను తీసి చూపించా. అంకెలు ఛార్టులో ఉన్నా కూడా చదివాడు. నా సైకిల్ ట్యూబు దగ్గర కొంచెం ఆగాడు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్తున్నారు. అక్క నా చొక్కా వదలట్లేదు.

మార్చి 9

ఐసీయూ. ఏమీ తెలీదు.

మార్చి 11

లోపల కడిగారు. జాయింటుకి పని పడకుండా పేగుని పొట్ట బయటికి తెచ్చి సంచి తగిలించారు. కొన్ని నెలలకి తీసేస్తారట. బైపాస్ లైనన్నమాట. పల్సు 94. నన్ను చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మార్చి 13

80. సంచిలో గాలి నిండిందంది సిస్టర్. ఈసారి సాక్ష్యం ఉంది. కాఫీ గ్లాసు ఖాళీ. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి, ఒరే వాషర్‌గా, మళ్ళీ ఎప్పుడొస్తావురా అని.