సరిచేసిన చెవి

రామాంజీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. హిందూపురం కాలేజీలో నువ్వు లెక్కలు చెప్పిన గదిలో నీ ఫోటో పెడుతున్నారని చూడ్డానికి వెళ్లాను. కోటు నీదే, నవ్వు నీదే. కుస్తీలో నలిగి ముద్దయిన ఎడమ చెవిని మాత్రం స్టూడియో అతను దిద్ది, చక్కటి చెవి గీశాడు. ఇదేంటని అక్కడే ఉన్న అతన్ని అడిగాను.

"ఏమప్పా, సారుకు చెవి బాగు చేసినా గదా, ఇంకేం కావల్ల?" అన్నాడు.

చేయించింది ప్రిన్సిపాలట. గణితంలో డాక్టరేటున్న మనిషి దుడ్లకు కుస్తీలు పట్టాడంటే కాలేజీకి పరువు తక్కువట! పెనుకొండ గోదాలో గెలిచిన ఆ దుడ్లతోనే కదా నువ్వు చదివింది? మొదటిరోజు క్లాసులో పిల్లలు నవ్వితే, "చెవి చూసినారు గదా, ఇంక బోర్డు చూడండప్పా" అన్నవాడివి. నువ్వు దాచనిదాన్ని దాచడానికి వీళ్లెవరు? ప్రిన్సిపాలుతో గంటసేపు పోట్లాడాను. వినలేదు.

ఫోటో అడిగి తీసుకుని, ధర్మవరంలో మీ అమ్మకు చూపించాను. మగ్గానికి నూలు కండెలు చుట్టడం ఆపి, ఆ చెవిని వేలితో తడిమింది.

"మావాని చెవి యాడప్పా?" అంది.

ప్రిన్సిపాలుకు ఆ ఒక్క మాటే రాసి, ఫోటో వెనక్కి పంపాను. నా వాదన ఏదీ చేర్చలేదు.