అందేచకు పిలుపు

ఒవియేదో ఆస్పత్రి, జూలై 4

అమ్మాయ్ ఎటెల్వినా,

నా కాలు అతుక్కుంటోంది, కంగారు పడకు. ఇంకో మూడు వారాలు మంచం దిగనివ్వరట.

గడ్డికోతకు ఊళ్ళో ఒక్కరూ రాలేదని నువ్వు రాశావు. మనుషులు మారిపోయారని పక్కమంచం పంతులుగారితో అన్నాను.

"అందేచకు పిలిచారా?" అన్నాడాయన.

"నలుగురూ కలిసి కూలి లేకుండా చేసే సాయానికి పిలుపెందుకండీ? నేను పడ్డం ఊరంతా చూసింది."

"అందేచ అన్న మాట పుట్టిందే లాటిన్‌లో చాటి చెప్పడం నుంచయ్యా. అడక్కుండా అన్నీ అమరడానికి నువ్వేమన్నా బిషప్పువా?"

మీ అమ్మ ఉండగా ఏటా కోతకు ముందు ఆదివారం చర్చి నుంచి ఆలస్యంగా వచ్చేది. కబుర్లకు ఆగిందని కసిరేవాణ్ణి. ఇల్లిల్లూ తిరిగి పిలిచేదని ఇప్పుడు తెలిసింది.

ఈ ఆదివారం నువ్వు వెళ్ళు. వానకు గడ్డి కుళ్ళితే చలికాలంలో ఆవుల్ని అమ్ముకోవాలి. ఎర్రావు ఈనిందా? కోసేవాళ్ళకు పీపాలో ఆపిల్ సైడర్ సరిపోతుందా, చూడు.

బెలర్మీనో ఇంటికీ వెళ్ళు. గట్టు తగాదా తరవాత ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. అయినా ఏటా వచ్చి కోసిపోయాడు, మీ అమ్మే పిలిచి ఉంటుంది. ఈసారి నేనే పిలిచానని చెప్పు.

నీకూ తమ్ముడికీ దీవెనలు.

నాన్న